ఒక్క ఇంటి మీద ఎనిమిది ట్యాంకర్ల వాన

క్లైమేట్ క్రైసిస్ వచ్చేసిందా, ఇంకా టైముందా? మా ఆఫీసులో లంచ్ టైమ్‌లో ఎప్పటికీ తేలని పంచాయితీ ఇది. నాగోల్‌లో అద్దెకుంటున్న నన్నడిగితే, జవాబు కోసం అంటార్కిటికా దాకా వెళ్లక్కర్లేదు.

2020 అక్టోబర్ 13 గుర్తుందా? కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం తెలంగాణ మీదుగా వెళ్తూ, మనకు దగ్గర్లోనే ఉన్న ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన కుమ్మరించింది. నంబర్ చిన్నగానే కనిపిస్తుంది. లెక్కేసి చూడండి. 150 గజాల స్థలం మీద 32 సెంటీమీటర్లంటే సుమారు 40 వేల లీటర్లు. ఎండాకాలంలో మనం డబ్బులిచ్చి తెప్పించుకునే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది! ఒక్క ఇంటికే ఇన్నయితే కాలనీ మొత్తానికి ఎన్ని?

"1908లో మూసీ వరదకు వేలమంది చనిపోయారు కదా, అప్పుడెక్కడిది గ్లోబల్ వార్మింగ్?" అంటాడు మా ఫ్రెండ్. పాయింటే. భారీ వానలు మనకు కొత్త కాదు. 2020 వాన మొత్తాన్నీ భూతాపం ఖాతాలో రాసేయలేం. కానీ గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. అదంతా ఒకేసారి దిగితే కుండపోతే. 2024లో ప్రపంచ సగటు ఉష్ణోగ్రత, పరిశ్రమలు రాకముందు కాలంతో పోలిస్తే 1.5 డిగ్రీలకు పైనే పెరిగింది.

మా భాషలో చెప్పాలంటే లోడ్ పెరిగింది, కెపాసిటీ తగ్గింది. గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి నిండితే అలుగు పారి, నీళ్లు కింది చెరువుకు పోయేవి. చివరికి మూసీలో కలిసేవి. ఆ దారుల్లో చాలాచోట్ల ఇప్పుడు ఇళ్లున్నాయి. వాన నీళ్లు మాత్రం ఇంకా ఆ పల్లానికే వస్తాయి.

కాబట్టి నా జవాబు: వచ్చేసింది. కాకపోతే అందరికీ ఒకేలా రాలేదు. మూడో అంతస్తులో ఉన్నవాళ్లకు అది వాట్సాప్ వీడియో. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నవాళ్లకు తడిసిన సర్టిఫికెట్లు, పాడైన ఫ్రిజ్, స్టార్ట్ కాని బండి. అద్దె తక్కువని పల్లపు వీధుల్లో దిగేది ఎక్కువగా మనలాంటి కుర్రాళ్లే.

1908 తర్వాత నగరం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకుంది. 2020 తర్వాత ఎస్‌ఎన్‌డీపీ పేరుతో నాలాల పనులు మొదలయ్యాయి. మీ కాలనీలో పని ఎంతదాకా వచ్చిందో వార్డు ఆఫీసులో అడగండి. కొత్త ఇల్లు చూసేటప్పుడు ఇంకో ప్రశ్న కూడా ఉంది: "2020లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?" దీన్ని మాత్రం ఓనర్‌ని కాదు, వీధి చివర కిరాణా షాపు అంకుల్‌ని అడగండి.