గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా: ఏ వయసులో? ఎవరి సంతకంతో?



ఆడవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో టీకాతో ముందే ఆపగలిగినది ఒకటుంది. అదే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. 2022లో మన దేశంలో సుమారు 1 లక్షా 27 వేల మందికి ఈ జబ్బు కొత్తగా వచ్చిందనీ, దాదాపు 80 వేల మంది చనిపోయారనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా.

దీని గురించి హాస్టల్ సంచికలో ఎందుకు రాస్తున్నానంటే, ఈ టీకాకు చెప్పిన వయసు 9 నుంచి 14 ఏళ్ళు. హాస్టల్లో మనం ఉండే వయసు కూడా అదే. అందువల్ల ఈ టీకా ఎప్పుడు వచ్చినా మొదట వచ్చేది మన గడపకే. ఒకసారి వచ్చింది కూడా. ఆ సంగతి ముందుకు చెబుతాను.

జబ్బు ఎట్లా వస్తుంది?

హ్యూమన్ పాపిలోమా వైరస్, పొట్టిగా హెచ్.పి.వి., దీనికి కారణం. ఈ సంగతి కనిపెట్టినందుకు జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ వైరస్‌లో చాలా రకాలున్నాయి. వాటిలో 16, 18 రకాలే దాదాపు 70 శాతం ముఖద్వార క్యాన్సర్లకు మూలం.

ఇది స్త్రీపురుష కలయిక వల్ల వ్యాపిస్తుంది. ఈ మాట రాయడానికి సిగ్గుపడితే జబ్బు ఆగదు. భార్య ఏ తప్పూ చేయకపోయినా భర్త నుంచి రావచ్చు. కాబట్టి ఈ జబ్బు వచ్చినామె నడవడిని అనుమానించడం అన్యాయం. చాలామందిలో వైరస్ ఒకటి రెండేళ్ళలో తనంతట తనే పోతుంది. కొందరిలో మాత్రం లోపలే ఉండిపోయి, 15, 20 ఏళ్ళ తర్వాత క్యాన్సర్‌గా మారుతుంది.

చిన్న వయసులోనే ఎందుకు?

ఈ టీకా కొత్తగా వైరస్ సోకకుండా ఆపుతుంది. ఇప్పటికే సోకిన దాన్ని పోగొట్టలేదు. కళ్ళంలోకి ఎలుక రాకముందే కంచె వేయాలి కదా! అందుకే పెళ్ళికి ముందే, బాల్యంలోనే వేయాలంటారు. పైగా 9 నుంచి 14 ఏళ్ళ మధ్య శరీరం టీకాకు బాగా స్పందిస్తుంది.

ఇంగ్లండ్‌లో 2008లో ఈ టీకా మొదలుపెట్టారు. 2021లో అక్కడి లెక్కలు బయటికి వచ్చాయి. 12, 13 ఏళ్ళకు టీకా అందినవాళ్ళలో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గింది. 14 నుంచి 16 ఏళ్ళ మధ్య అందినవాళ్ళలో 62 శాతం, 16 నుంచి 18 మధ్య అందినవాళ్ళలో 34 శాతం తగ్గింది. వయసు పెరిగిన కొద్దీ లాభం ఎట్లా తరుగుతుందో ఈ మూడు అంకెలే చెబుతున్నాయి. చిన్నప్పుడే పెళ్ళిళ్ళు చేసే మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో, తండాల్లో ఈ లెక్కను ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

ఎవరికి ఎన్ని డోసులు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబర్‌లో ఇట్లా చెప్పింది:

9 నుంచి 14 ఏళ్ళు: ఒకటి లేదా రెండు డోసులు. మొదట వేయవలసింది వీళ్ళకే.
15 నుంచి 20 ఏళ్ళు: ఒకటి లేదా రెండు డోసులు.
21 ఏళ్ళు దాటినవాళ్ళు: ఆరు నెలల ఎడంతో రెండు డోసులు.
హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు: కనీసం రెండు, వీలైతే మూడు.

పూణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ టీకాకు 2022లో అనుమతి వచ్చింది. దాన్ని 9 నుంచి 26 ఏళ్ళ వరకు, మగపిల్లలకు కూడా వేయవచ్చు. కంపెనీ లెక్క ప్రకారం 14 ఏళ్ళ లోపు రెండు డోసులు, 15 దాటితే మూడు. అమెరికాలో 2018లో 45 ఏళ్ళ దాకా అనుమతి ఇచ్చారు. అయితే 26 దాటినవాళ్ళు డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోవాలి. ఆ వయసులో లాభం తక్కువ.

ఖమ్మంలో ఏం జరిగింది?

2009 జూలైలో పాత్ అనే అమెరికా సంస్థ, ఐ.సి.ఎం.ఆర్., అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ బాలికలు సుమారు 14 వేల మందికి గార్డాసిల్ టీకా వేశారు. వాళ్ళలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండే పేద పిల్లలు. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇట్లాంటి కార్యక్రమమే జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారనే వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు.

ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని కేంద్రం వేసిన విచారణ సంఘం చెప్పింది. నీళ్ళలో మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటి కారణాలు చూపింది. కానీ 2013 ఆగస్టులో వచ్చిన పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక అనుమతులు తీసుకున్న తీరును తీవ్రంగా తప్పుపట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు!

వేలిముద్ర వేయడం తప్పు కాదు. మా అమ్మ కూడా వేలిముద్రే వేస్తుంది. ఆ కాగితంలో ఏముందో ఆమె భాషలో చదివి వినిపించారా అన్నదే ప్రశ్న. అమ్మానాన్న బతికి ఉండగా, వలస పోయారనో దూరంగా ఉన్నారనో వాళ్ళకు తెలియకుండా ఇంకొకరు సంతకం పెట్టడం మాత్రం న్యాయం కాదు. టీకా మంచిదైనంత మాత్రాన అడగకుండా వేసే హక్కు ఎవరికీ రాదు. అడగకుండా వేస్తే టీకా మీదే నమ్మకం పోతుంది. దానివల్ల నష్టపోయేది మళ్ళీ మన ఆడపిల్లలే.

ఇంకొక సంగతి. అదే కాలంలో రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తెలుసుకోవడానికి దేశంలో వేరే పరిశోధన ఒకటి నడుస్తున్నది. 2010లో అదీ మధ్యలో ఆగిపోయింది. దాంతో సుమారు 5 వేల మంది అమ్మాయిలకు ఒక్క డోసే అందింది. ఏళ్ళ తరబడి వాళ్ళను గమనిస్తే, 16, 18 రకాల వైరస్ నిలిచిపోకుండా ఒక్క డోసు కూడా దాదాపు 95 శాతం కాపాడిందని 2021లో తేలింది. ఇప్పుడు ఒక డోసు చాలంటున్న దేశాలకు ఆధారమైన పరిశోధనల్లో ఇదొకటి.

పెళ్ళయిన అక్కలకు, అమ్మలకు

వయసు దాటిందని దిగులు వద్దు. 30 నుంచి 65 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళందరికీ ఐదేళ్ళకొకసారి ముఖద్వార పరీక్ష చేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. పలచని వెనిగర్ లాంటి ద్రవం పూసి చూసే చిన్న పరీక్ష అది. టీకా వేసుకున్నవాళ్ళు కూడా 30 దాటాక పరీక్ష చేయించుకోవాలి. నెలసరి మధ్యలో గానీ, కలయిక తర్వాత గానీ, ముట్లుడిగిన తర్వాత గానీ రక్తం కనిపిస్తే, దుర్వాసనతో తెల్లబట్ట అవుతుంటే దాచుకోకుండా సర్కారు దవాఖానకు వెళ్ళాలి. ముందే తెలిస్తే నయమయ్యే జబ్బు ఇది.

సంతకానికి ముందు అడగండి

టీకా పేరేమిటి? ఎన్ని డోసులు? రెండోది ఎప్పుడు, ఎవరు వేస్తారు? ఇది ప్రభుత్వ కార్యక్రమమా, పరిశోధనా? జ్వరం వస్తే ఎవరికి చెప్పాలి? అమ్మానాన్నకు తెలుగులోనో, లంబాడీలోనో చెప్పారా? టీకా కార్డు మన చేతికి ఇస్తారా?

చేయి నొప్పి, కొద్దిపాటి జ్వరం మామూలే. కొందరు భయంతో కళ్ళు తిరిగి పడిపోతారు. కాబట్టి సూది తర్వాత 15 నిమిషాలు కూర్చోవాలి. గర్భిణులు వేసుకోకూడదు. ఇంతకుముందు ఏ టీకాకైనా తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే ముందే చెప్పాలి. పిల్లలు పుట్టరనే మాటకు ఆధారం లేదు.

మన ఇళ్ళలో కాగితం చదవగలిగిన మొదటి మనిషి చాలాసార్లు మనమే. కాబట్టి చెల్లెళ్ళారా, ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ నాలుగు మాటలు అమ్మకు చెప్పండి. టీకా వేయించుకోండి. కానీ తెలుసుకొని, అమ్మానాన్న ఒప్పుకున్నాక వేయించుకోండి.