నిదానమే ప్రధానము

జుట్టు రాలుట ఒక్కటే వ్యాధి కాదు. దాని హేతువు లనేకములు. ఏ హేతువో తెలియక పూసిన మందు ధనమునకు, కాలమునకు, కొన్నివేళల జుట్టునకే చేటు.

తిరుమల కల్యాణకట్టలో క్షురకుని కత్తికి తల వంచి కూర్చున్న స్త్రీ, తన పొడవాటి జడ క్షణములో నేలవ్రాలుచుండగా చేతులు జోడించి గోవిందనామము పలుకునే గాని కంట తడి పెట్టదు. ఆమెయే, ఇంటికడ అద్దము ముందు నిలిచి దువ్వెనలో చిక్కిన గుప్పెడు వెండ్రుకలను చూచిననాడు, దినమంతయు కలతపడుచుండును. తాను ఇచ్చినది అర్పణము. తనకు తెలియకుండ పోయినది నష్టము. ఈ భేదమును గమనింపక, ‘జుట్టే గదా’ యని తేలికపరచువారు ఆ దుఃఖమును తెలిసికొనలేరు.

ఆ కొండను గూర్చిన జనశ్రుతిలో స్వామికి సైతము ఈ లోపము తప్పలేదు. గోపాలకుని దెబ్బవలన శ్రీనివాసుని శిరస్సుపై కొంతమేర జుట్టు పోగా, నీలాదేవి యను గంధర్వకన్య చూచి, తన కురులు కోసి అచ్చట అతికించెననియు, భక్తులు సమర్పించు కేశములకు తలనీలాలని పేరు అందువలననే వచ్చెననియు చెప్పుదురు. వెలితిని చూచి నవ్వక, తనకున్నది తీసి యిచ్చిన కరుణ ఆ కథకు ప్రాణము. కేశక్షయమును గూర్చి మాటలాడబూనువారికి మొదట కావలసినది ఆ చూపే.

తరువాత కావలసినది నిదానము. ఆ మాటకు మన భాషలో రెండర్థములు కలవు: వైద్యశాస్త్రమున అది రోగమునకు మూలకారణము, వాడుకలో తొందరపాటు లేకుండుట. ‘నిదానమే ప్రధానము’ అను సామెత ఈ రెండర్థములలోను ఇంత చక్కగా అన్వయించు వ్యాధి మరియొకటి అరుదు. మూలము తెలియక ఏదో యొక మందు వాడినవారును, మూలము తెలిసియు మూడు వారములకే విసిగి మందు మానినవారును తుదకు ఒకే నిరాశకు లోనగుదురు.

వెండ్రుక ఆయుర్దాయము

వేపచెట్టు శిశిరమున ఒక్కుమ్మడిగా ఆకు రాల్చును; మన తల అట్లు కాదు. సుమారు లక్ష వెండ్రుకలలో ప్రతిదానికిని వేర్వేరు కాలగతి కలదు. రెండు మొదలు ఆరు సంవత్సరముల వరకు నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు చొప్పున పెరిగి, రెండు మూడు వారములలో కుదురు ముడుచుకొని, సుమారు మూడు నెలలు విశ్రమించి, క్రిందనుండి మొలచు క్రొత్త వెండ్రుకకు చోటిచ్చి రాలిపోవుట వెండ్రుక జీవితము. కావున ఆరోగ్యవంతులకు సైతము దినమునకు 50 మొదలు 100 వరకు రాలుట సహజము. వారమున కొకసారి తలంటుకొనువారికి అవి పెక్కు ఒక్కనాడే చేతికి వచ్చుటచే భయము కలుగును. రాలినచోట మరల మొలవనప్పుడు, పాపిట వెడల్పైనప్పుడు, జడ పిడికిటిలో సన్నగిలినప్పుడు విచారణ అవసరము.

బోరునీటిని నిందించువారు పెక్కురు. ఉప్పునీరు వెండ్రుకను గరుకుచేసి నడుమ తెగునట్లు చేయవచ్చును గాని, చర్మము క్రింద దాగిన కుదురును చెరుపజాలదు. గుండు చేయించినచో జుట్టు ఒత్తుగా వచ్చునను నమ్మకమును ఇట్టిదే. కత్తియును కుదురును తాకదు. కోసిన కొన మొద్దుగా నుండుటచే దట్టముగా తోచును.

మూడు నెలల వెనుకకు

కాని యొక్కొక్కప్పుడు తలయు వేపచెట్టువలె నగును. టైఫాయిడు, డెంగీ, కోవిడు వంటి తీవ్రజ్వరములు, ప్రసవము, పెద్ద శస్త్రచికిత్స, బరువు తగ్గవలెనని చేసిన కఠినోపవాసములు, గాఢమైన మనోవ్యథ: వీనిలో నేది తగిలినను, పెరుగుచున్న వెండ్రుకలు పెక్కు ఒకేసారి విశ్రాంతిదశకు పోయి, రెండు మూడు నెలల తరువాత గుత్తులుగా రాలును. అప్పటికి జ్వరము మరపునకు వచ్చియుండును గనుక, నింద నిన్న మార్చిన షాంపూపై పడును. బిడ్డ తల్లి ముఖము చూచి నవ్వ నేర్చిననాట తల్లికి జుట్టు రాలునని కొన్ని యిండ్లలో పెద్దలందురు. నవ్వునకును రాలుటకును సంబంధము లేదు. గర్భకాలమున హార్మోనుల బలముచే రాలక నిలిచిన వెండ్రుకలు, బిడ్డ నవ్వ నేర్చు ఆ మూడవ నెల ప్రాంతముననే సెలవు పుచ్చుకొనును. పెద్దలు కాలమును సరిగా గుర్తించిరి, కారణమును మాత్రము బిడ్డకు అంటగట్టిరి. ఈ విధమైన రాలుడు, మూలకారణము తొలగినచో, కొలది నెలలలో తనంతట తానే సర్దుకొనును.

సర్దుకొననిచో రక్తపరీక్ష చేయింపవలెను. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో 57 శాతము రక్తహీనతతో నున్నవారే. ఇనుము కొరవడిన దేహము ప్రాణావసరములను ముందు చూచుకొనును. జుట్టు వంతు చివర వచ్చును. థైరాయిడు లోపమును, ఋతుక్రమము తప్పుటతో గూడిన అండాశయ సమస్యలును ఇట్లే తలపై సూచన చూపును. అట్లని పరీక్ష లేకయే మాత్రలు మ్రింగుటయు ప్రమాదమే: విటమిన్-ఎ, సెలీనియము మితిమీరినచో వానివలననే జుట్టు రాలును. 2025 ఆరంభమున మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లా పల్లెలలో కొలది దినములలోనే జనులకు జుట్టు ఊడిపోయినప్పుడు, గోధుమలలోని అధిక సెలీనియమువైపే పరిశోధకుల వ్రేలు చూపినది.

పేనుకొరుకుడు, బట్టతల

రూపాయి బిళ్ళంత మేర నున్నగా జుట్టు పోయినచో మనవారు పేనుకొరుకుడందురు, ఆయుర్వేదము ఇంద్రలుప్తమన్నది. పేనును, పురుగును ఇందులో నిర్దోషులు. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరపడి కుదుళ్ళపై దాడి చేయుట దీనికి మూలము. గురివింద గింజను అరగదీసి పూయు అలవాటు నేటికిని కలదు. ఆ గింజ విషము, లేత చర్మమును పుండుచేయగలదు. చిన్న మచ్చలు పెక్కు వానంతట అవే పూడును. పూడనివానికి చర్మవైద్యులు మచ్చలోనే స్టెరాయిడు సూదిమందు వేయుదురు. తల నిండ వ్యాపించినవారి కొరకు 2022లో బారిసిటినిబ్ అను మాత్రకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి నిచ్చినది.

బట్టతల వేరు. దీని మూలమును 1942లో అమెరికా పరిశోధకుడు జేమ్స్ హామిల్టన్ స్పష్టపరచెను: యౌవనమునకు పూర్వమే వృషణములు తొలగింపబడినవారికి బట్టతల రాదు, వారికి పురుష హార్మోను ఇచ్చినచో, వంశములో ఆ లక్షణమున్నవారికి మాత్రము వచ్చును. హార్మోనుతోపాటు వంశము గూడ కారణమన్నమాట. ఆ హార్మోనునుండి పుట్టు డీహెచ్‌టీ అను పదార్థము, నుదుటిపైని, నడినెత్తిని ఉన్న కుదుళ్ళను క్రమక్రమముగా కుదించి, దట్టమైన వెండ్రుకను నూగుగా మార్చును. మేనమామ పోలికయే వచ్చునను మాట సగము సత్యము. తండ్రి వంశపు జన్యువులకును ఇందు భాగము కలదు. స్త్రీలకు నుదురు వెనుకకు పోక, పాపిట వెడల్పగును. ఇక బిగించి లాగిన జడ, బరువైన సవరము ఏండ్ల తరబడి కుదుళ్ళను పీకుటచే చెంపలయొద్ద జుట్టు పోవుట మనము మానుకొనగల నష్టము.

మందులు, కుదుళ్ళ మార్పిడి

బట్టతలకు నిరూపితమైన ఔషధములు ముఖ్యముగా రెండు. మినాక్సిడిల్ మొదట రక్తపు పోటుకు మాత్రగా వచ్చినది. వాడినవారికి ఒళ్ళంతయు రోమములు మొలచుటచే, 1988లో తలకు పూయు ద్రవముగా అమెరికాలో అనుమతి పొందినది. మొదటి వారములలో పాత వెండ్రుకలు మరింత రాలును. ఈ భయముచేతనే పెక్కుమంది మానుదురు. ఫలము కనబడుటకు నాలుగు మొదలు ఆరు నెలలు పట్టును. మానినచో వచ్చినది పోవును. రెండవది ఫినాస్టరైడ్. డొమినికన్ రిపబ్లిక్‌లో డీహెచ్‌టీని తయారుచేయు ఎంజైము పుట్టుకతోనే కొరవడిన కొందరిని గూర్చి 1974లో వెలువడిన పరిశోధన దీనికి దారి చూపగా, 1997లో పురుషుల బట్టతలకు మాత్రగా అనుమతి లభించినది. కొలదిమందిలో లైంగికాసక్తి తగ్గుట, మనసు క్రుంగుట కలుగవచ్చును. గర్భవతులు దీనిని వాడరాదు, పొడియైన మాత్రను తాకనుగూడదు. కావున ఇది దుకాణములో అడిగి కొనుక్కొను మందు కాదు.

కుదుళ్ళ మార్పిడికి ఆధారము న్యూయార్కు వైద్యుడు నార్మన్ ఒరెన్‌ట్రైక్ 1959లో ప్రకటించిన సత్యము: తల వెనుకభాగపు కుదురు, ఎచ్చట నాటినను, తన పుట్టినచోటి గుణమునే నిలుపుకొనును. నాటిన వెండ్రుకలు కొలది వారములలో రాలి, మూడు నాలుగు నెలలకు మరల మొలచి, ఏడాదికి నిండుదనము నిచ్చును. నీలాదేవివలె ఇతరులు ఇచ్చుటకు మాత్రము వీలులేదు. పరుల కుదురును దేహము తిరస్కరించును. ఎవరి నారుమడి వారిదే, అదియు పరిమితమే. ఇది శస్త్రచికిత్స గనుక, వీడియోలు చూచి నేర్చినవారు చేయరాదనియు, తగిన శిక్షణ పొందిన వైద్యులే చేయవలెననియు 2022లో జాతీయ వైద్య కమిషన్ స్పష్టపరచినది.

ఒక్క తొందర మాత్రము తగినది. రాలినచోట మంట, నొప్పి, చీము, పొలుసులు కనబడినను, చర్మము మచ్చగట్టి రంధ్రములు మూసికొనిపోయినను, ఒక్క వారమైనను ఆలసింపక చర్మవైద్యుని చూడవలెను. మచ్చగట్టిన చోట కుదురు మరల పుట్టదు. తక్కినవారు నెలకొకసారి ఒకే వెలుతురులో ఒకే కోణమున తల ఛాయాచిత్రము తీసికొని ఓపిక పట్టుట మేలు. నెలకొక సెంటీమీటరు నడచు ప్రయాణికుని దినదినము అద్దములో కొలుచుటవలన దిగులే గాని ఫలము లేదు.

మన యింట ఎవరైనను రాలిన జుట్టును చేతబట్టుకొని దిగులుగా కూర్చున్నప్పుడు, నూనె పేరు చెప్పుటకు ముందు, ప్రక్కన కూర్చుండి ఒక్క ప్రశ్న అడుగుదము: ‘మూడు నెలల క్రిందట నీకేమి కష్టము వచ్చినదమ్మా?’ వైద్యుడు మొదట అడుగు ప్రశ్నయు అదే. ఆత్మీయులు అడుగవలసిన ప్రశ్నయు అదే.