ఊదా కలిసిన బూడిద రంగు

ఈ మధ్య ఇక్కడ న్యూజెర్సీలో మనవాళ్ళు ఎవరింటికి వెళ్ళినా గోడల రంగు మాటొస్తోంది. తెల్లగోడలు బోసిగా ఉంటాయి, లేత పసుపు చూసి చూసి విసుగొచ్చింది, కాస్త ఊదా కలిసిన బూడిద రంగు వేయిద్దామంటున్నారు. మేమూ అదే అనుకుంటున్నాం. ఫోన్లో చెబితే "గోడలకి బూడిదేమిట్రా?" అంది అమ్మ. విభూతి రంగు అనుకోమ్మా అన్నాను.

ఈ రంగుతో చిక్కేమిటంటే, షాపులో ఇచ్చే రంగు చీటీ మీద బూడిదగా ఉన్నది గోడెక్కాక వంకాయ రంగులోకి తిరుగుతుంది. పెయింటు కలిపినవాడి తప్పేం లేదు. ఉత్తరం కిటికీల గదిలోకి నేరుగా ఎండ రాదు, ఆకాశపు నీలి వెలుగే వస్తుంది. అందులో ఊదా పైకి తేలుతుంది. అదే రంగు పడమటి గదిలో సాయంత్రం ఎండ పడితే మట్టిరంగు వైపు మొగ్గుతుంది.

పక్కనున్న వస్తువుల సంగతీ ఉంది. ఇక్కడ 1990ల నాటి ఇళ్ళలో వంటింటి అల్మరాలు తేనె రంగు ఓక్ చెక్కవి ఎక్కువ. పసుపుకి ఎదురు రంగు ఊదా. అందుకే పసుపు పక్కన పెడితే ఒట్టి బూడిద రంగు కూడా ఊదాగా కనిపిస్తుంది. పారిస్‌లో గోబెలిన్స్ అద్దకాలకి పెద్దగా ఉన్న షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త 1839లోనే దీని మీద పెద్ద పుస్తకం వేశాడు. కనక అలాంటి వంటింటికి ఊదా బాగా తక్కువున్న రంగు చాలు, మిగతాది చెక్కే చూసుకుంటుంది. ఇత్తడి కుందులున్న పూజ గదికీ ఇదే లెక్క.

నేను ఎక్కువ ఆలోచించింది అమ్మానాన్నల గది గురించి. వస్తే ఆర్నెల్లుంటారు. వయసు పెరిగేకొద్దీ కంటి కటకం పచ్చబడి నీలం, ఊదా వెలుగుని కొంత ఆపేస్తుంది. మనకి ఊదాగా ఉన్న గోడ వాళ్ళకి మసక బూడిదగా కనిపించొచ్చు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఆ రంగులు మళ్ళీ తేటపడతాయి. ఆ గదిలో అందం కన్నా ముందు, నాన్న రాత్రి లేస్తే బెడ్‌లైటు వెలుగులో తలుపు తెలియాలి. రంగు చీటీ వెనకో, కంపెనీ వెబ్‌సైటులోనో ఎల్.ఆర్.వి. అని ఒక అంకె ఉంటుంది. 0 అంటే నలుపు, 100 అంటే తెలుపు. గోడకీ తలుపుకీ మధ్య 30 తేడా ఉండాలని బ్రిటన్ భవన ప్రమాణాల సిఫార్సు. గోడ 50 దగ్గరుంటే, 80 దాటిన తెల్ల తలుపు సరిపోతుంది. తలుపుకీ బూడిద రంగే వేయడం ఫ్యాషనేమో గానీ, పెద్దవాళ్ళ గదిలో నాకు నచ్చదు.

కొనేముందు చిన్న శాంపిల్ డబ్బా తెచ్చి, రెండడుగుల తెల్ల అట్ట మీద రెండు కోట్లు వేయండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి గోడగోడకీ ఆనించి చూడండి. రాత్రి చూసేటప్పుడు మీరు వాడే బల్బే వెలగాలి. 2700 కెల్విన్ బల్బు పచ్చగా ఉండి ఊదాని అణుస్తుంది, 5000ది దాన్ని బయటికి లాగుతుంది.

ఇల్లు 1978కి ముందు కట్టిందైతే పాత రంగు గోకకముందే సీసం పరీక్ష చేయించండి. ఇళ్ళకి సీసం రంగులు అమెరికాలో నిషేధించింది ఆ ఏడాదే. పిల్లలు పాకే ఇంట్లో ఆ దుమ్ము చాలా ప్రమాదం. శాండ్ పేపర్ పట్టేది ఆ తర్వాతే.