సురక్షిత వాహన చోదనలో శిక్షణ – డెల్టా రహదారుల తక్షణావసరం

విజయవాడ: చెన్నై–కోల్‌కతా 16వ నంబరు, పుణె–మచిలీపట్నం 65వ నంబరు జాతీయ రహదారులు కలిసే విజయవాడ మీదుగా రాత్రింబవళ్ళు సరకు లారీలు, దూరప్రాంత బస్సులు సాగిపోతూ ఉంటాయి. నగరం దాటి డెల్టాలోకి ప్రవేశిస్తే దారి స్వభావమే మారిపోతుంది. కాలువ గట్ల వెంబడి ఒకవైపు నీరు, మరొకవైపు పల్లపు పొలం. చాలాచోట్ల ఎదురు వాహనానికి తప్పుకొనేందుకు మార్జిను సైతం ఉండదు. కోతల కాలంలో ధాన్యం ట్రాక్టర్లు, రోడ్డు మీదనే ఆరబోసిన వడ్లు, కూలీలతో కిక్కిరిసిన ఆటోలు, ఆపై జనవరి పొగమంచు. స్టీరింగు తిప్పడం వచ్చినంత మాత్రాన ఇక్కడ చాలదు.

దేశంలో 2022వ సంవత్సరంలో రహదారి ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ ప్రకటించింది. అత్యధిక మరణాలకు మితిమీరిన వేగమే కారణమని అదే నివేదిక పేర్కొన్నది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. ప్రమాదాన్ని గమనించి బ్రేకు మీద కాలు వేసేలోగానే ఆ దూరం గడచిపోతుంది. వేగం రెట్టింపయితే బ్రేకు వేసిన తరువాత వాహనం ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. ఈ లెక్క తెలిసిన డ్రైవరు ముందున్న ట్రాక్టరును అంటిపెట్టుకొని నడపడు.

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 ప్రకారం డ్రైవింగ్ పాఠశాలలు సొంత వాహన చోదకులకు కనీసం 21 రోజులు, రవాణా వాహన చోదకులకు కనీసం 30 రోజులు శిక్షణ ఇవ్వవలసి ఉన్నది. ఇందులో రోడ్డు మీద స్వయంగా నడపవలసిన కాలం వరుసగా 10, 15 గంటలకు తగ్గరాదు. మోటారు సైకిళ్ళు మినహా శిక్షణ వాహనాలన్నింటికీ శిక్షకుడు కూడా అదుపు చేయగల జంట నియంత్రణ ఏర్పాటు తప్పనిసరి. ప్రథమ చికిత్స, ప్రజలతో మర్యాదగా మెలగడం కూడా పాఠ్యాంశాలేనన్న సంగతి చాలామందికి తెలియదు. 2021 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధనల మేరకు గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలలో తేలికపాటి వాహనాలకు 29 గంటల కోర్సు నిర్దేశించబడినది. దీనిలో ఉత్తీర్ణులైన వారికి రవాణా కార్యాలయంలో డ్రైవింగ్ పరీక్ష నుండి మినహాయింపు లభిస్తుంది.

కొండపల్లి పరిసరాల నుండి బయలుదేరే చమురు, వంటగ్యాసు ట్యాంకర్ల విషయం వేరు. ప్రమాదకర సరకులు రవాణా చేసే డ్రైవర్లకు మూడు రోజుల ప్రత్యేక శిక్షణ తప్పనిసరి. రాత్రి ప్రయాణం, రైల్వే క్రాసింగులు, వాతావరణానికి తగినట్లు వేగాన్ని మార్చుకోవడం అందులో నేర్పుతారు. నిజానికి ఈ పాఠాలు ట్యాంకరు డ్రైవర్లకు మాత్రమే పరిమితం కావలసినవి కావు.

2017 ఫిబ్రవరి 28న తెల్లవారుజామున పెనుగంచిప్రోలు మండలంలో భువనేశ్వర్ నుండి హైదరాబాదు వెళుతున్న ప్రైవేటు బస్సు వంతెనల నడుమ కిందికి పడిపోయి పదిమందికి పైగా మరణించిన దుర్ఘటన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. సుదూర రాత్రి ప్రయాణాలలో అలసట, నిద్రమత్తు ఎంతటి నైపుణ్యాన్నయినా నిష్ప్రయోజనం చేస్తాయి. 2025 వరకు అమలులో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961 రోజుకు 8 గంటల పని, 5 గంటల పని తరువాత అరగంట విశ్రాంతి నిర్దేశించేది. డ్రైవరుతోబాటు యజమానికి సైతం ఈ అంశంలో అవగాహన కల్పించవలసి ఉన్నది.

తేలికపాటి వాహన లైసెన్సు గలవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాలు నడపవచ్చునని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పినది. ఆటోలు, చిన్న సరకు వాహనాలు నడిపేవారికి ఇది ఊరట. అయితే ప్రత్యేక అనుమతి అవసరం తొలగినచోట శిక్షణ బాధ్యత పాఠశాలల మీద మరింత పెరిగినట్లే భావించాలి.

ప్రతి అభ్యర్థి ఎన్ని గంటలు వాహనం నడిపినదీ పాఠశాల 15వ నంబరు ఫారంలో నమోదు చేయవలసి ఉన్నది. తనిఖీకి వెళ్ళే అధికారులు, శిక్షణ తీరుపై వార్తలు రాసే విలేకరులు ముందుగా అడగవలసినది ఆ రిజిస్టరునే.