ఇంటి ఆవరణలో ఎదిగిన చెట్లు: కృష్ణా డెల్టాలో సంరక్షణ, ప్రమాద అంచనా

విజయవాడ, పరిసర డెల్టా గ్రామాలలో ఇంటి ఆవరణలోని వేప, మామిడి, కొబ్బరి, నేరేడు, కానుగ, నిద్రగన్నేరు వంటి చెట్లు అనేకం ముప్ఫై, నలభై ఏళ్ల వయసు గలవి. ఇవి నీడను, ఫలసాయాన్ని ఇస్తూ వేసవి తాపాన్ని తగ్గిస్తున్నాయి. అయితే వేసవి చివరలో వీచే ఈదురుగాలులు, అక్టోబరు నుండి డిసెంబరు వరకు వచ్చే తుపానులు ఏటా వీటి పట్టును పరీక్షిస్తుంటాయి. 2010 మే నెలలో లైలా, 2013 నవంబరులో హెలెన్, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానులు బాపట్ల, మచిలీపట్నం పరిసరాలలోనే తీరం దాటాయి. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు గట్లకు గండ్లు పడగా అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరి పేట వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి.

ఇటువంటి విపత్తు తరువాత గృహస్థులు విస్తరణ శాస్త్రవేత్తలను అడిగే ప్రశ్న ఒక్కటే: ‘ఈ చెట్టును ఉంచాలా, కొట్టించాలా?’ తొందరపడి ఇచ్చే సమాధానం వల్ల ఆరోగ్యవంతమైన చెట్టును కోల్పోవచ్చు, లేదా ఇంటిపై కూలే చెట్టును నిలిపి ఉంచినట్లు కావచ్చు. కనుక చెట్టును వేరు నుండి కొమ్మ వరకు క్రమపద్ధతిలో పరిశీలించిన తరువాతనే సలహా ఇవ్వాలి.

వేళ్లకు కావలసిన చోటు

చెట్టు ఎంత ఎత్తు ఉంటే వేరు అంత లోతుకు దిగుతుందనే అభిప్రాయం సరైనది కాదు. ఆహారాన్ని, నీటిని గ్రహించే సన్నని వేళ్లలో అధికభాగం నేల పైపొరలో, సుమారు 60 సెం.మీ. లోతులోపే ఉంటాయి. ఇవి కొమ్మల అంచును దాటి చాలా దూరం విస్తరిస్తాయి. భూగర్భజలం పైకి ఉండే డెల్టా నేలల్లో వేళ్లు మరింత పైపైనే ఉంటాయి.

కాండం వ్యాసానికి పన్నెండు రెట్ల దూరం వరకు నేలను కదపరాదన్నది బ్రిటన్‌లో నిర్మాణ పనులకు పాటించే ప్రమాణం. ఆ లెక్కన 40 సెం.మీ. వ్యాసం గల వేపచెట్టుకు చుట్టూ 4.8 మీటర్లు, అంటే సుమారు 72 చదరపు మీటర్ల స్థలం కావాలి. 200 గజాల ఇంటిస్థలంలో ఇది నాలుగు పాళ్లు పైచిలుకు, అంటే పదింట నాలుగు వంతులకు మించినది. పట్టణంలో అంత చోటు వదలడం సాధ్యం కాదు. కనీసం కాండం చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు లేకుండా ఉంచాలి. ఢిల్లీలోని చెట్ల విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించిన కొలత కూడా ఇదే. మిగిలిన ఆవరణలో గచ్చుకు బదులు సందులు వదిలి పరచిన రాళ్లు మేలు.

మెరక పోయడం వల్ల నష్టం

రోడ్డు ఎత్తు పెరిగినప్పుడు, ముంపు భయం కలిగినప్పుడు పెరటిలో గ్రావెల్ తోలించి మెరక చేయడం పరిపాటి. చెట్టు మొదలు నేలను తాకే చోట విచ్చుకొని వెడల్పుగా ఉండాలి. స్తంభాన్ని పాతినట్లు నిటారుగా భూమిలోకి దిగితే మొదలు పూడిపోయిందని గ్రహించాలి. కొత్త మట్టి కింద పాతవేళ్లకు గాలి అందదు, తేమ తగిలిన బెరడు కుళ్లుతుంది. ఫలితం వెంటనే కనిపించదు. రెండు మూడేళ్ల తరువాత కొమ్మల చివర్లు ఎండడం మొదలైనప్పుడు మెరక సంగతి ఎవరికీ గుర్తుండదు. కనుక పరిశీలనకు వెళ్లినప్పుడు ‘ఇక్కడ మట్టి ఎప్పుడు పోయించారు?’ అన్నది మొదట అడగవలసిన ప్రశ్న. పూడిన మట్టిని పారతో కాక చేతితో, చిన్న గునపంతో నెమ్మదిగా తొలగించి మొదలును బయటపెట్టాలి.

ముంపు తరువాత

నీటిలో ఆక్సిజన్ వ్యాప్తి గాలిలో కంటే సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా జరుగుతుంది. అందువల్ల నీరు నిలిచిన నేలలో సన్నని వేళ్లు ఊపిరాడక చనిపోతాయి. పారే నీటి కంటే మురుగుతో కలిసి నిలిచిన నీరు ఎక్కువ హానికరం. మునగ, బొప్పాయి త్వరగా దెబ్బతింటాయి. వేప కూడా నిలువనీటిని ఓర్వలేదు. కొబ్బరి, కానుగ, నేరేడు కొంత తట్టుకుంటాయి.

వేళ్లు చనిపోయిన చెట్టుకు నేల తడిగా ఉన్నా ఆకులు వాడతాయి. దీనిని నీటి ఎద్దడిగా భావించి మళ్లీ నీరు పెట్టడం తరచుగా జరిగే పొరపాటు. నీరు తీసిన వెంటనే మొదళ్లపై పేరుకున్న ఒండ్రును తొలగించాలి. నేల తొక్కుడు పడకుండా చూడాలి. నేల ఆరిన తరువాత కొమ్మల అంచు కింద సన్నని గునపంతో రంధ్రాలు చేసి ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపాలి. కొత్త చిగురు వచ్చేవరకు యూరియా వేయరాదు. ముంపుకు గురైన చెట్టును కనీసం రెండు ఋతుచక్రాల పాటు గమనించాలి.

కొమ్మల కత్తిరింపు

అమెరికా అటవీ శాస్త్రవేత్త అలెక్స్ షైగో 1970లలో వివరించిన ప్రకారం చెట్టు గాయాన్ని మనిషి చర్మం వలె మాన్పుకోదు. కుళ్లు వ్యాపించకుండా లోపల అడ్డుగోడలు కట్టి, పైన కొత్త కణజాలంతో మూసివేస్తుంది. ఈ శక్తి కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే పట్టీలో కేంద్రీకృతమై ఉంటుంది. ఆ పట్టీని కాండంతో సమంగా కోసివేయకూడదు, బయట మొద్దునూ మిగల్చకూడదు.

బరువైన కొమ్మను మూడు కోతలలో తీయాలి. మొదట కాండానికి ఒక అడుగు దూరంలో కింది నుండి మూడోవంతు లోతు కోత పెట్టాలి. దానికి కొద్దిగా వెలుపల పై నుండి కోసి కొమ్మను దించాలి. చివరగా మిగిలిన మొద్దును పట్టీ వెలుపల కోయాలి. ఇలా చేస్తే బెరడు చీలదు. ఒకే ఏడాదిలో పచ్చని కొమ్మలలో నాలుగోవంతుకు మించి తీయరాదు. మామిడిలో కోత ముగిసిన తరువాత, జూన్, జూలై నెలల్లో కత్తిరింపులు అనుకూలం.

విద్యుత్ తీగల కోసం, తుపాను భయంతో తల నరకడం హానికరం. నరికిన చోట గుంపుగా పుట్టే కొమ్మలకు పట్టు తక్కువ, మొద్దులో కుళ్లు చేరుతుంది. నాలుగైదేళ్లకు ఆ కొమ్మలే గాలికి విరిగిపడతాయి.

ఎండుతున్న వేపను నరకవద్దు

2021 తరువాత తెలుగు రాష్ట్రాలలో వేపచెట్ల కొమ్మలు చివర్ల నుండి గోధుమరంగులోకి మారి ఎండడం విస్తృతంగా కనిపించింది. ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం ఇందుకు ప్రధాన కారకం. టీ దోమ పీల్చిన లేత చిగుళ్లు కూడా ఇలాగే మాడిపోతాయి. దూరం నుండి చూస్తే చెట్టు మొత్తం చచ్చినట్లే ఉంటుంది. కాని ఎదిగిన చెట్లు తరచుగా తిరిగి చిగురిస్తాయి. కొమ్మపై బెరడును గోటితో గీరినప్పుడు లోపల పచ్చగా ఉంటే ఆ భాగం సజీవమే. అందుబాటులోని ఎండుకొమ్మలను తీసి కాల్చివేసి, ఒక చిగురు కాలం వేచి చూడాలి. నివాసాల మధ్య ఎత్తయిన చెట్లపై పురుగుమందు పిచికారీ క్షేమకరం కాదు.

కొబ్బరిలో మొదలు వద్ద ముదురు గోధుమరంగు జిగురు కారుతుంటే గానోడెర్మా తెగులును అనుమానించాలి. ఏటా చెట్టుకు 50 కిలోల పశువుల ఎరువు, ట్రైకోడెర్మా కలిపిన 5 కిలోల వేపపిండి వేయాలి. ఒక చెట్టు నీరు మరొక చెట్టుకు పారకుండా విడివిడిగా పాదులు చేయాలి. మామిడి కాండంపై రంధ్రాల నుండి రంపపు పొట్టు రాలుతుంటే కాండం తొలుచు పురుగు ఉన్నట్లు. పురుగును వంపు తీగతో లాగివేసి, కిరోసిన్‌లో తడిపిన దూదిని పెట్టి బంకమట్టితో మూయాలి.

ప్రమాదాన్ని అంచనా వేయడం

తొర్ర ఉన్న ప్రతి చెట్టూ ప్రమాదకరం కాదు. కాండం వ్యాసార్ధంలో కనీసం మూడోవంతు మందం మేర గట్టి కొయ్య చుట్టూ మిగిలి ఉంటే చెట్టు సాధారణంగా నిలుస్తుందని జర్మన్ శాస్త్రవేత్త క్లాస్ మాథెక్ సూచించారు. కొయ్యసుత్తితో తట్టి శబ్దాన్ని, సన్నని ఇనుపచువ్వతో లోతును పరీక్షించవచ్చు. ఈ కింది లక్షణాలు కనిపిస్తే జాప్యం చేయరాదు:

• చెట్టు ఇటీవలే ఒకవైపు ఒరగడం, రెండో వైపు నేల పగిలి పైకి లేవడం
• మొదలు వద్ద గట్టి పుట్టగొడుగులు రావడం
• రెండు పెద్ద కొమ్మల పంగలో చీలిక ఏర్పడడం
• కాలువ, ప్రహరీ పనులలో పెద్ద వేళ్లు తెగిపోవడం

లోపంతోపాటు అది కూలితే ఏమి దెబ్బతింటుందో కూడా చూడాలి. ఖాళీస్థలం వైపు ఒరిగిన చెట్టుకు కొమ్మల భారం తగ్గిస్తే చాలు. పడకగదిపైకి ఒరిగినదైతే తొలగింపే తగిన సలహా కావచ్చు. నల్లరేగడిలో పెద్ద చెట్టును తొలగిస్తే అది పీల్చే నీరు నేలలోనే మిగిలి బంకమట్టి ఉబ్బుతుంది. పునాదులు కదిలే అవకాశాన్ని ముందే తెలియజేయాలి. నీరు, భూమి, చెట్ల చట్టం 2002 ప్రకారం నరికివేతకు అనుమతి విషయాన్ని అధికారుల వద్ద నిర్ధారించుకోవాలి.

విస్తరణ కార్యక్రమాలలో పెరటిచెట్టుకు పొలంలోని పైరుకు దక్కే శ్రద్ధ దక్కడం లేదు. విద్యార్థులు గ్రామీణ అనుభవ కాలంలో ఒక వీధిని ఎంచుకొని, ప్రతి చెట్టు చుట్టుకొలతను 1.37 మీటర్ల ఎత్తులో కొలిచి, మొదలు స్థితి, మెరక పోసిన సంవత్సరం, ముంపు రోజులు, ఎండుకొమ్మలు నమోదు చేయవచ్చు. ఏటా మార్చిలో, సెప్టెంబరులో ఆ పట్టికను సరిచూస్తే, తదుపరి తుపానుకు ముందే ఏ చెట్టుకు కత్తిరింపు చాలు, దేనిని తొలగించక తప్పదు అన్నది ఆధారాలతో చెప్పగలుగుతాము.