పెద్దపండుగ అరిసె

ఉత్తరాంధ్రమున సంక్రాంతికి పెద్దపండుగ యని పేరు. ఇంట మరణము సంభవించిన సంవత్సరమున ఆ పండుగకు పిండివంటల మూకుడు పెట్టకుండుట మనలో ఆచారము. ఆ యింటి పిల్లలకు లోటు కలుగకుండ ఇరుగుపొరుగువారు తమ అరిసెలను పంపెడివారు. నేడు ఏ అశౌచమును లేని యిండ్లలో గూడ మూకుడు పొయ్యి నెక్కుట అరుదైనది.

2022 వఱకు విశాఖపట్టణము జిల్లాలోనుండి, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరిన రావికమతము ప్రాంతము వరియు చెఱకును పండెడి నేల. బెల్లమునకు దేశమెల్ల పేరుగన్న అనకాపల్లి విపణి దానికి దూరము కాదు. బియ్యమును బెల్లమును పొలమునుండియే వచ్చెడి యిట్టి సీమలో గూడ అరిసె అంగడి సరకగుచుండుట విచారింపదగిన విషయము.

అరిసె లోకమున మాయమైనదని మేమనుట లేదు. తమిళుల అధిరసము, కన్నడిగుల కజ్జాయము, ఒడియావారి అరిసా పిఠా దీని చుట్టములే. పట్టణపు మిఠాయి దుకాణములలో అది ఏడాది పొడుగునను తూకమునకు దొరకుచున్నది. పండుగకు ఇంట వండుటయే తగ్గినది.

ఏల తగ్గినదో వంట తెలిసినవారికి చెప్పనక్కఱలేదు. క్రొత్త బియ్యమును ఒక దినమెల్ల నానవేసి, వడగట్టి, తడియాఱక మునుపే రోట దంచి జల్లించవలెను. బెల్లపు పాకము నీళ్ళలో వేసినపుడు మెత్తని యుండయై వ్రేళ్ళకు రావలెను. ఆ క్షణమునకు ముందు దించిన అరిసె మూకుటిలో విచ్చిపోవును. తరువాత దించిన పంటికి లొంగదు. ఒకరు పిండి పోయుచుండ వేఱొకరు తెడ్డు త్రిప్పవలెను. ఒకరు ఆకుపై తట్టి నూనెలో విడువగా, మఱియొకరు తీసి చెక్కల నడుమ నొక్కి నూనె పిండవలెను. ఒంటిచేతి వంట కాదది. ఉమ్మడి కుటుంబములు చీలి, కొడుకులు కోడండ్రు విశాఖకో హైదరాబాదుకో పోయి, భోగినాటికి వచ్చి కనుమ మఱునాడు బండి యెక్కుచుండగా, నానిన బియ్యమును దంచువారెవరు? మరపిండి దొరకినను పాకము పట్టెడి ముసలమ్మ దొరకదు. దీనికి తోడు, రంగు తేలుటకై హైడ్రోసు కలిపిన బెల్లము. చూపునకు బంగారమే గాని, రుచిలో నల్లబెల్లమునకు సాటిరాదు.

నేటి స్త్రీలు సోమరులైరని అరుగులమీద కూర్చుండు పెద్దలు కొందఱందురు. ఈ మాటను మేమంగీకరింపజాలము. ఆ పెద్దలలో రోకలి పట్టినవారెందఱు? రెండు దినములు పొగలో నిలిచి వండినది స్త్రీలు. పాకము ముదిరినదని తప్పుపట్టినది పురుషులు. ఆడపిల్లలు బడికిని ఉద్యోగమునకును పోయినందున అరిసె తగ్గినదన్నచో, ఆ నష్టమునకు మేము దుఃఖింపము. బియ్యము దంచుట మగవారికి నిషిద్ధమని ఏ శాస్త్రమునందును మేము చదివియుండలేదు. ముసలమ్మ బ్రతికియుండగనే మనుమడు ఆమె ప్రక్కన కూర్చుండి పాకమును చూడనేర్చినచో తప్పేమి?

మాకు కష్టముగా తోచునది వేఱొకటి గలదు. మూకుడు పెట్టరాని పొరుగింటికి దుకాణపు పొట్లమును పంపుటకు పెక్కుమంది మొగమాటపడుచున్నారు. తమ చేత వండినది లేదు. కొన్నది పంపుటకు మనసొప్పదు. అందుచే ఆ యింటి పిల్లలకు పండుగనాడేమియు వచ్చుట లేదు.