ఆగిన రోబో తనంతట తాను ఎందుకు కదలకూడదు?

మణుగూరు గనుల్లో బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు పక్కన పొడవునా ఒక తాడు ఉంటుంది. ప్రమాదం అనిపిస్తే ఎవరైనా లాగొచ్చు, బెల్టు ఆగిపోతుంది. తాడు వదిలేసినా బెల్టు మళ్లీ నడవదు. ఒకరు అక్కడికెళ్లి, చూసి, స్విచ్చును చేత్తో రీసెట్ చేయాలి. బెల్టు దగ్గర ఇంకా మనిషి ఉండొచ్చు కదా!

ఫ్యాక్టరీ రోబోకూ ఇదే నియమం. చుట్టూ ఉన్న కంచె తలుపు తెరిస్తే ఆగుతుంది, మూసినంత మాత్రాన కదలదు. రీసెట్ బటన్ కంచె బయట, లోపలంతా కనిపించేచోట పెడతారు. అది నొక్కినా అనుమతి మాత్రమే, స్టార్ట్ బటన్ వేరేగా నొక్కాలి.

అసలు కష్టం ప్రోగ్రాములో. సగం దారిలో ఆగిన రోబో చేతిని నేరుగా మొదటి చోటికి పంపితే పక్కనున్న యంత్రాన్ని గుద్దేస్తుంది. అందుకే రోబో పని చేస్తూ ప్రతి దశకూ ఒక నంబరు గుర్తుపెట్టుకునేలా ప్రోగ్రాము రాస్తారు. ఆ నంబరు చూసి, వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి వస్తుంది. పట్టులో వస్తువు ఇంకా ఉందా అని ముందు సెన్సర్‌తో సరిచూసుకుంటుంది.